కళ్ళు మూసుకున్నా తెలిసే వెలుగు

నంద్యాల,
బుధవారం మధ్యాహ్నం.

ప్రేమగల సుగుణమ్మక్కకు,

నీ చెల్లెలు కరుణమ్మ ప్రభువు పేరట చేతులు జోడించి చెప్పుకునే వందనాలు. ఇక్కడ నేనూ, మన సుజాతా, అల్లుడు ప్రసాదూ, పాపా దేవుని దయవల్ల బాగున్నాం. పాపకు ఐదో నెల నిండింది, బోర్లా పడుతోంది. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను పోసి ఇచ్చిన నూనె రాస్తున్నావా, లేక సీసా అలాగే అలమరలో పెట్టావా? పక్కింటి ఖాసీంబీ, వాళ్ళ పిల్లలు కులాసానా? సంఘంలో పెద్దలందరూ ఆరోగ్యంగా ఉన్నారా? అందరికీ నా వందనాలు చెప్పు.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు, అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. రేపు గురువారం అతనికి పని లేదు, పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ వస్తాడు. అతని దగ్గర ఒక అట్టపెట్టె కూడా ఉంటుంది. నువ్వు ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు పెట్టె విప్పకూడదని, గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదని చెప్పి పంపుతున్నాను. కాబట్టి అతనికి ఇంత మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదువు.

జ్వరం వచ్చి నీ చెవులు పోయిన దగ్గర నుంచి మనిద్దరి మాటలూ పలక మీదే కదా అక్కా. ఆయన పోయాక సుజాతను చంకన వేసుకుని నీ గడప తొక్కిన రోజు కూడా నేను నోటితో ఏమీ చెప్పలేదు, పలక మీదే రాశాను. నువ్వు అది తుడిచేసి, "లోపలికి రామ్మే, బువ్వ తిందాం" అన్నావు. ఒక ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పలక చాలింది. ఇప్పుడు కాగితం కావలసి వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట ప్రయాణం. ఊరు మారడానికి ఆ గంట చాలింది గాని, ఊరు మారానని ఒంటికి తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇక్కడ ఎండ మన దగ్గర మాదిరే ఉంది. నీళ్ళు కొంచెం చప్పన. సుజాతకు ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. తను పోతే పాప నా దగ్గరే. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె నేనే చేస్తున్నాను, కానీ నీ శనక్కాయల పొడి లేక రొట్టె గొంతులో దిగడం లేదు. అల్లుడితో ఒక డబ్బా పంపు. మళ్ళీ చెబుతున్నాను, నేను బాగున్నాను, నా గురించి బెంగపడొద్దు.

ఈ ఇంటి సంగతి నీకు సరిగా రాయలేదు. రాస్తే నవ్వుతావని ఆగాను. ప్రసాదు పని నీకు తెలుసు కదా, కొత్త ఇళ్ళలో ఈ తెలివైన లైట్లు, మోటార్లు, బెల్లులు బిగిస్తాడు. అతనూ, మస్తాన్ అనే అతనూ కలిసి చేస్తారు. ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఈ అద్దె ఇంట్లో పెట్టి చూసి, బాగుంటేనే జనం ఇళ్ళకు తీసుకుపోతారు. అందుకని ఈ ఇల్లు ఒక రకంగా వాళ్ళ పరీక్ష గది.

వచ్చిన కొత్తలో నాకు భయమేసింది. బల్ల మీద ఒక గుండ్రటి డబ్బా ఉంది. దానితో మాట్లాడితే ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది. "లేచిపోవద్దుమా, ఉన్నకాడి నుంచే చెప్పు" అంది సుజాత. కంటికి కనబడనివారితో మాట్లాడటం నాకు ప్రార్థనలో తప్ప అలవాటు లేదు. ఎట్లాగో నోరు తెరిచి, "కొంచెం ఫ్యాను ఆపు నాయనా" అన్నాను. అది పలకలేదు. నా గొంతు దానికి అందలేదట. సుజాత ఒకటే నవ్వు.

"పెద్దమ్మతో ఇన్నేండ్లుండావ్, గట్టిగా మాట్లాడేది నేర్చుకోలేదా?"

"పెద్దమ్మతో ఎప్పుడు అరిస్తిమే? పలక ఉండె గదా" అన్నాను.

ఇప్పుడు అలవాటైంది. అది ఫ్యాను ఆపినప్పుడల్లా నేను మంచిది నాయనా అంటాను. పని చేసిన వాళ్ళకు ఒక మాట చెప్పకుండా ఎట్లా ఉంటాం?

నీళ్ళ మోటారు చూసి మాత్రం నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. తొట్టి నిండగానే దానంతట అదే ఆగిపోతుంది. తొట్టిలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో కింద గోడ మీద చిన్న చిన్న దీపాలు చెబుతాయి. పొయ్యి దగ్గర గోడకు సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి ఉంది, గ్యాసు లీకైతే గోల చేస్తుంది. ఒకసారి పాప ఏడ్చిందని పాలు పొయ్యి మీదే వదిలి పరుగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది. నేను తిరిగి రాకముందే ఆ డబ్బా అరిచింది. పొయ్యి కట్టేసి, కిటికీ తీసి, అక్కడే నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మనిషికి బుద్ధి ఇచ్చినవాడు ఆయనే కదా, ఆ బుద్ధితో చేసిన వస్తువును మెచ్చుకోవడానికి నాకేమీ సంకోచం లేదు.

ఇంకొకటి. పాప నిద్ర చెడకూడదని ఇంటి బెల్లుకు చప్పుడు తీసేశారు. బయట ఎవరైనా మీట నొక్కితే లోపల ఒక బల్బు వెలిగి ఆరి, వెలిగి ఆరి చూపిస్తుంది. నేను దాన్ని మూడు నెలలు రోజూ చూశాను. చూస్తూనే ఉన్నాను గాని, నా మొద్దు బుర్రకు ఒక్క రోజు కూడా నువ్వు గుర్తు రాలేదు. ఆ సంగతికి వస్తాను.

ఒంటరితనం లేదని చెబితే అబద్ధమవుతుంది. ఇల్లంతా మనుషులే, అయినా నా చెవులకు ఇక్కడ పని లేదు. కుక్కరు కూత వేస్తే ఎవరికైనా చెప్పాలని లేస్తాను. అందరికీ వినబడే ఉంటుంది. వీధిలో పాలాయన కేకేస్తే నీ భుజం తట్టడానికి ఇప్పటికీ చెయ్యి లేస్తుంది. ఒకసారి సంఘంలో ఎవరో నీ చెవుల గురించి జాలిపడ్డారని నేను పలక మీద రాసి చూపిస్తే నువ్వేమన్నావో గుర్తుందా? "నావి పోతే పోయినాయిలేమ్మా, మా చెల్లెలివి ఉండాయి గదా" అన్నావు.

పోయిన వారం నీ ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. నువ్వు గడియ పెట్టుకుని మిషను మీద రవికలు కుడుతున్నావు. బయట పెళ్ళివాళ్ళు తలుపు తడుతున్నారు. అదే సమయానికి మన తొట్టి నిండి నీళ్ళు వీధిలో పారుతున్నాయి. ఖాసీంబీ వచ్చి కిటికీ కొట్టింది, తలుపు కొట్టింది. నీకేమో అయిందని అందరికీ భయం పట్టింది. గడ్డపార తెచ్చి గడియ పగలగొట్టారు. నువ్వు తలెత్తి చూస్తే ఎదురుగా నలుగురు మగవాళ్ళు, గడ్డపార. నీ చేతిలో కత్తెర. ఖాసీంబీ ఏడుస్తూ తిట్టిందని, ఆ తిట్లు తర్వాత ఆమె పిల్లలు పలక మీద రాసి చూపించారని రాశావు. "బతికుండావా సుగుణమ్మా! నీళ్ళు బజారంతా పారతాండాయి, మేము నీ కోసం సచ్చిపోతాండాం, నువ్వేమో కాజాలు కుట్టుకుంటాండావ్!" అందట. అందరూ నవ్వారని, నువ్వు మాత్రం నవ్వలేదని రాశావు. పెళ్ళివాళ్ళు గుడ్డలు వెనక్కి తీసుకుపోయారని చివర్లో ఒక్క ముక్కలో రాశావు. ఆ ఒక్క ముక్క దగ్గరే నేను ఆగిపోయాను.

ఎందుకంటే అక్కా, నేను లేనప్పుడు గడియ పెట్టుకో అని పలక మీద రాసి వచ్చింది నేనే. ఒంటరి మనిషివి, తలుపు తీసి పెట్టుకోవద్దు అన్నాను. నీ చెవులు నాతో తెచ్చుకుని, నీ తలుపు మూసి వచ్చాను. గడియ పెట్టుకుంటే తడితే ఎట్లా వినబడుతుందని నాకు తోచలేదు. ఇన్నేళ్ళు నీ పక్కనే ఉన్నదాన్ని, అంత మాత్రం ఆలోచన లేకపోయింది.

మరునాడు చాగలమర్రి నుంచి తమ్ముడు జయరాజు వచ్చాడని, మిషను అమ్మేసి తన ఇంటికి వచ్చెయ్యమన్నాడని రాశావు. చర్చిలో సంస్కారం ఇచ్చే ఆదివారం దాకా గడువు అడిగానని, "నీ మాట ఏందో చెప్పు" అని రాశావు. ఆ ఆదివారం ఇంకా నాలుగు రోజులే ఉంది.

ఇప్పుడు నీకు తెలియని మాట చెప్పాలి. నీ ఉత్తరం నాకు అందకముందే తమ్ముడు ఫోను చేశాడు. గడ్డపార అన్న మాట వినగానే భయపడిపోయాను. "తీస్కపోదునాక్కా?" అని అడిగాడు. "సరే తీస్కపో నాయనా" అన్నాను. నిన్ను అడగలేదు. నీ ఇల్లు, నీ మిషను, నీ చేతి పని. నిన్ను అడగకుండా నేను సరే అన్నాను. నువ్వు వినలేవు కాబట్టి నీ వంతు మాట కూడా నేనే చెప్పేయడం నాకు ఎప్పటి నుంచో అలవాటైపోయినట్టుంది. ఆ తప్పు ఆ రోజే నాకు తెలిసింది. ఎట్లా తెలిసిందో చెబుతాను.

ఆ మధ్యాహ్నమే ప్రసాదు హాల్లో కొత్త లైటు బిగించాడు. మనిషి గదిలోకి వస్తే వెలుగుతుంది, ఎవరూ లేకపోతే తానే ఆరిపోతుంది. కరెంటు వృథా కాదు. బాగుందనుకున్నాను. ఏడు గంటలకు కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. పాప ఒళ్ళో నిద్రపోతోంది. నా ప్రార్థన పొడుగని నీకు తెలుసు. వినబడకపోయినా ఆ పొడుగు మాత్రం నీకు బాగా తెలిసేది, కూర చల్లారింది చూడు అని గిన్నె నా చేతికి ముట్టించేదానివి. ఆ రోజు నీ గురించి ప్రార్థన చేస్తున్నాను. అక్కను తమ్ముడింట్లో సుఖంగా ఉంచు ప్రభువా అంటున్నాను. ఆ మాట మధ్యలో ఉన్నట్టుండి లోపల చీకటైపోయింది. నా కళ్ళు మూసే ఉన్నాయి. అయినా తెలిసింది. రెప్పల లోపల అంతసేపూ ఎర్రగా ఉన్నది నల్లగా అయిపోయింది. నేను మాట ఆపేశాను.

"కరెంటు పోయిందా?" అంది సుజాత.

ప్రసాదు చెయ్యి పైకెత్తి ఊపాడు. లైటు వెంటనే వెలిగింది. "మనం కదలకుండా కూర్చుంటిమి గదత్తా, ఇంట్లో ఎవరూ లేరనుకునింది" అన్నాడు.

మరునాడు ఈ సంగతి విని మస్తాన్ పడీపడీ నవ్వాడు. "మా నమాజులో వంగుతాం, లేస్తాం, మాకు లైటు ఆరదమ్మా. మీరు ఆళ్లగడ్డోళ్ళు గదా, శిల్పాల మాదిరి కూచుంటిరి. అదేం చేస్తాది పాపం!" అన్నాడు. మన ఊరి రాతిపని వాళ్ళ పేరు ఇక్కడ కూడా అంత గట్టిగా నిలబడి ఉంది. ప్రసాదు లైటు ఆరే సమయాన్ని పెంచాడు. "నీ ప్రార్థన కొలత ఎంతో చెప్పత్తా, దాని ప్రకారం పెడతా" అని నన్ను ఏడిపించాడు.

అందరూ నవ్వారు గాని, ఆ చీకటి నన్ను వదలలేదు. మన ఇంట్లో ప్రార్థన ఎట్లా ముగిసేది? నువ్వు కళ్ళు మూసుకుని ఉంటావు, నీకు వినబడదు. నేను ఆమేన్ అని నీ మోకాలు తట్టేదాన్ని. అప్పుడు నువ్వూ గట్టిగా ఆమేన్ అని కళ్ళు తెరిచేదానివి. ఈ మూడు నెలలూ నీ మోకాలు తట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఎప్పుడు ముగించాలో ఎవరూ చెప్పకుండా నువ్వు ఒక్కదానివే కూర్చుంటున్నావు. అది తోచగానే దాని వెనకాలే ఇంకొకటి తోచింది. కళ్ళు మూసుకున్న మనిషికి కూడా వెలుగు తెలుస్తుంది. చెవి చేసే పని వెలుగు చేయగలదు. పాప నిద్ర కోసం పెట్టిన ఆ బెల్లు బల్బు మూడు నెలలుగా నా ఎదుటే ఆ మాట చెబుతోంది.

మరునాడు పొద్దున్నే ప్రసాదును అడిగాను. "నాయనా, చెవులు వినబడని మనిషి ఇంట్లో ఇట్లాంటివి పెట్టొచ్చునా?"

అతను అన్నం కలుపుతున్నవాడు ఆపేశాడు. "పెద్దమ్మకా? ఎందుకు పెట్టకూడదత్తా! ఊర్లో అందరి ఇండ్లకు పెడతాండా, నాకే తట్టలేదు చూడు" అన్నాడు. అతని ముఖం చిన్నబోయింది. నేను ఒక్కదాన్నే కాదని అప్పుడు కొంచెం ఊరట కలిగింది.

కానీ ఒకసారి నీ బదులు తొందరపడ్డాను కదా, రెండోసారి తొందరపడదలుచుకోలేదు. ముందు నేనే నీలాగా ఉండి చూడాలనుకున్నాను. సుజాత ఇంట్లో ఉన్న రోజు రెండు చెవుల్లో దూది నిండా కుక్కుకుని, పైన గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టాను. అక్కా, అది ఎంత కష్టమో ఇన్నేళ్ళు నీ పక్కనే ఉండి కూడా నాకు తెలియలేదు. నా వెనక ఎవరో ఉన్నారని పదిసార్లు తిరిగి చూశాను. పాప ఏడుస్తోందేమోనని మాటిమాటికీ ఉయ్యాల దగ్గరికి పోయాను. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. నువ్వు రోజూ సాయంత్రం మెడ రుద్దుకుంటూ మిషను వల్ల అని చెబుతావు. మిషను వల్ల మాత్రమే కాదని నాకు అర్థమైంది.

నేను తల వంచి కూరగాయలు తరుగుతుంటే సుజాత బయటికి పోయి బెల్లు నొక్కింది. బల్బు నా వెనక గోడకు ఉంది. నాకేమీ తెలియలేదు. తను లోపలికి వచ్చి నా ముందు చేతులు ఊపింది. నేను గుడ్డ విప్పి, దూది తీశాను.

"ఏందిమా, మూడుసార్లు నొక్కితి! యాడ చూస్తాండావ్?"

"వంకాయల్లో చూస్తాండా" అన్నాను. "దాన్ని ఎదురు గోడకు మార్చమని చెప్పు ఆయప్పకు."

ఎదురు గోడకు మార్చి మళ్ళీ దూది పెట్టుకున్నాను. ఈసారి మొదటి నొక్కుకే తెలిసింది. కిటికీ వెలుతురు పడే చోట తెల్ల రంగు తేలిపోతుంది, ఎరుపు, నీలం బాగా తెలుస్తాయి. నాలుగు రోజులు ఇట్లా పరీక్షలు చేశాం. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నేను పదో తరగతి దానిని. అయినా "అత్త చెప్పినకాడే పెట్టాల" అని ప్రసాదు మస్తాన్‌తో అన్నాడు. నాకు గర్వం వచ్చింది. ప్రభువు క్షమించాలి.

కాబట్టి ఆ పెట్టెలో ఏమేమి ఉందో చెబుతాను. నువ్వు ఒప్పుకుంటే మిషనుకు ఎదురుగా, దారపు ఉండలు పెట్టే అలమర పైన ఒక బల్బు వస్తుంది. తలుపు పక్కన మీట ఉంటుంది. ఎవరైనా దాన్ని నొక్కితే బల్బు ఎర్రగా వెలిగి ఆరుతుంది. గడియ పెట్టుకున్నా సరే, నువ్వు తల వంచి కాజాలు కుడుతున్నా సరే, తెలుస్తుంది. తొట్టి నిండితే మోటారు ఆగిపోయి అదే బల్బు నీలంగా మారుతుంది. ఖాసీంబీకి ఇక నిన్ను తిట్టే సందు దొరకదు, ఆ మాట ఆమెకు ముందే చెప్పి క్షమాపణ అడుగు. గ్యాసుకు వేరే డబ్బా ఉంది. అది అరిచినా నీకు లాభం లేదు కాబట్టి, దాన్ని కూడా బల్బుకే కలిపాడు. గ్యాసు లీకైతే బల్బు ఆగకుండా ఎర్రగా మండుతూనే ఉంటుంది. అప్పుడు ఏ మీటా ముట్టుకోకుండా కిటికీ తీసి బయటికి రావాలి. ఇది ప్రసాదు చేసి చూపిస్తాడు. నువ్వు కూడా చేసి చూపించేదాకా అతన్ని కదలనివ్వకు.

లోటు కూడా దాచను. కరెంటు పోతే చిన్న బ్యాటరీ కొన్ని గంటలు ఆదుకుంటుంది, ఆపైన ఆదుకోదు. అప్పుడు తలుపు ఓరగా తీసిపెట్టుకోవాలి, లేదా ఖాసీంబీని పిలుచుకోవాలి. బల్బు నీ మోకాలికి నూనె రాయదు, నీ పక్కన కూర్చుని తినదు. దాన్ని మనిషి అనుకోవద్దు. ప్రసాదు కెమెరా కూడా పెడతానన్నాడు, నంద్యాల నుంచే నువ్వు ఎట్లున్నావో చూసుకోవచ్చు అన్నాడు. నేను వద్దన్నాను. నీ ఇంట్లో నువ్వు ఎట్లా కూర్చున్నావో, ఏం తిన్నావో మేము ఇక్కడి నుంచి చూడటమేమిటి? నీకు చెప్పాలనిపిస్తే ఉత్తరం రాస్తావు. ఖర్చు సంగతి అల్లుడిని అడగొద్దు, అతను నొచ్చుకుంటాడు. పాపను దేవునికి ప్రతిష్ఠించే ఆరాధనకు నువ్వు లేసు గౌను కుట్టి ఇవ్వు, అదే చాలంటున్నాడు. కొలతలు ఈ కవరులోనే పెట్టాను.

నిన్న తమ్ముడికి ఫోను చేశాను. నేను సరే అన్నది తప్పు అని చెప్పాను.

"ఏందిది చిన్నక్కా, మొన్న సరే అంటివి, నేడు కాదంటివి. మాట మీద ఉండొద్దా?"

"నాది కాని మాట చెప్పినా నాయనా. పెద్దక్కను అడగలేదు."

"అడిగితే మిషను వదలనంటాది. మళ్ళీ ఏమన్నా అయితే? బల్బు వెలిగితే తలుపు తీస్తాదా?"

"తలుపు బల్బు తియ్యదు. పెద్దక్క తీస్తాది. చెవులు పోయినాయి గానీ కాళ్ళు చేతులు పోలేదు గదా ఆమెకు."

"నేను గూడా ఆమె మీద ప్రేమతోనే అంటినిక్కా" అన్నాడు. నిజమే అక్కా, వాడి మీద కోపం పెట్టుకోవద్దు. గడ్డపార సంగతి విని వాడూ నాలాగే భయపడ్డాడు. "ఆదివారం పెద్దక్క ఏమంటే అదే" అని ఒప్పుకున్నాడు.

కాబట్టి నువ్వు నా మాట ఏందో చెప్పమన్నావు, నా మాట ఇదే. ఈసారి నీ మాట నువ్వే చెప్పు. తమ్ముడింటికి పోవాలనిపిస్తే పో, అక్కడ నీకు ఏ లోటూ ఉండదు. ఆళ్లగడ్డలోనే ఉండి కుట్టుకోవాలనిపిస్తే ఉండు, ఆ పెట్టె నీ కోసమే. ఈ వస్తువులేవీ వద్దనిపిస్తే పెట్టె అట్లాగే తిరిగి పంపెయ్, నేను చిన్నబుచ్చుకోను. వేరే దారి మనిద్దరం కలిసి వెతుకుదాం. నేను సరే అన్న ఆ ఒక్క రోజును మాత్రం క్షమించు.

శనక్కాయల పొడి మరిచిపోవద్దు. నా పాటల పుస్తకం దేవుని వాక్యం పెట్టే బల్ల సొరుగులో ఉంది, అదీ పంపు. మన సంఘం అయ్యగారికీ, అమ్మగారికీ, ఖాసీంబీకీ వందనాలు. సుజాత తన పెద్దమ్మకు ముద్దులు పంపుతోంది. పాప పేరు మీద కూడా ఒక ముద్దు వేసుకో. పెద్దదానివి, తల్లి తర్వాత తల్లివి, నన్నూ ఈ పిల్లలనూ దీవించి మా కోసం ప్రార్థించు. ప్రభువు కాపుదల నీ గడప మీద ఉండాలని కోరుకుంటూ,

నీ చెల్లెలు,
కరుణమ్మ.

ఇంకొక్క మాట అక్కా. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి వేరే దీపం ఒకటి ఉంది. దాన్ని తలుపుకూ తొట్టికీ కలపలేదు. మనం ప్రార్థనకు కూర్చునే చాప ముందు, పీట మీద, నీ ముఖానికి ఎదురుగా పెట్టించుకో. దాని జత ఇక్కడ నా ముందు ఉంది. ప్రసాదు రెండింట్లోనూ ఫోను సిమ్ములు వేశాడు, ఎంత దూరమైనా ఒకదాని మీట నొక్కితే రెండోది వెలుగుతుంది. సాయంత్రం ఏడింటికి మేము కూర్చుంటాం, నువ్వూ అక్కడ కూర్చో. నేను ఆమేన్ అన్నప్పుడు ఇక్కడ మీట నొక్కుతాను. అక్కడ నీ ఎదుట పసుపు రంగు వెలుగు వస్తుంది. దూది పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని చూశాను, రెప్పల లోపల తెల్లవారినట్టు ఉంటుంది. అప్పుడు నువ్వు కూడా ఆమేన్ అని, నీ దీపం పక్కనున్న మీట నొక్కు, ఇక్కడ నా దీపం వెలుగుతుంది.

రేపు ప్రసాదు తిరిగి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. నువ్వు ఏమన్నావో అతనికి ఫోను చేసి అడగను. ఏడింటికి నా ప్రార్థన పొట్టిగానే ముగించి, మీట నొక్కి, కళ్ళు తెరవకుండా కూర్చుంటాను.